కచ్చేరి బాగున్నదని యెట్లు చెప్పుదుము?

కచ్చేరి ముగిసి, జనులు చెప్పులు వెదకుకొను వేళ, సభామందిరపు గుమ్మముకడ నిలిచి చెవి యొగ్గినచో ఒక విషయము తెలియవచ్చును. రెండున్నర గంటలు కదలక కూర్చుండి విన్నవారు సయితము తాము విన్నదానిని గూర్చి పలుకు మాటలు నాలుగైదింటికి మించవు. "గాత్రము అమృతమే" అని యొకరు, "నేడెందుకో కుదరలేదు" అని యొకరు, "గురువుగారి బాణీ ఎక్కడ, ఇదెక్కడ" అని మరియొకరు. ఎందువలన కుదరలేదని అడిగినచో జవాబు రాదు. మరునాడు పత్రికలో వచ్చిన విమర్శను చదివి, "మేమన్నదే వ్రాసినాడు" అని సంతసించుటయో, "వీనికేమి తెలియును" అని కోపగించుటయో జరుగును. పాడినవారి గుణదోషములను గూర్చి వ్రాయువారు పలువురు కలరు. విన్నవారి గుణదోషములను గూర్చి వ్రాయువారు అరుదు. ఈ వ్యాసమున మేము తలపెట్టినది ఆ రెండవ పని.

ఈ సంచికను చదువువారు కర్ణాటకమున, తమిళనాట, ఒడిశాలో, మహారాష్ట్రమున, యానాములో తరతరములుగ కాపురమున్న తెలుగు కుటుంబములవారు. మనకు ఈ విషయముతో ప్రత్యేకమగు సంబంధము కలదు. దక్షిణదేశపు సభలలో పాడు కృతులలో పెద్దపాలు నేటికిని తెలుగు కృతులదే. తిరువారూరున 1767లో జన్మించి తిరువయ్యారున 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి కృతులు, శ్యామశాస్త్రి కృతులలో పెక్కు, క్షేత్రయ్య పదములు, పట్టణం సుబ్రహ్మణ్య అయ్యరు, మైసూరు వాసుదేవాచార్యులు వంటి పరభాషా ప్రాంతీయులు రచించిన తెలుగు కృతులు, ఇవి కాక వర్ణములు, జావళీలు. పొరుగు రాష్ట్రపు సభలో మూడువందలమంది కూర్చున్నచో ఆ మాటలు ఇంటిమాటలుగ వినబడునది పదిమందికి. ఆ పదిమందియు ఆ సంపదను ఏమి చేయుచున్నారన్నది ప్రశ్న.

అయినను సాహిత్యముతో నిమిత్తము లేని కొలతలను ముందు చెప్పుదుము. ఏలన, మాట తెలిసినవాడు మాటతోనే ఆరంభించి మాటతోనే ముగించుట మనవారిలో బాగుగ పాతుకొన్న అలవాటు.

శ్రుతి శుద్ధముగ నున్నదా లేదా యని తెలిసికొనుటకు సంగీతము నేర్చియుండవలయునని పలువురు భయపడుదురు. అక్కరలేదు. గాయకుడు ఒక సంచారమును ముగించి షడ్జముమీదనో పంచమముమీదనో నిలిచినపుడు తంబురను వినుడు. కంఠము సరిగ నిలిచినచో ఆ రెండు నాదములును ఒకటై, తంబుర యున్నదన్న సంగతియే క్షణకాలము మరపునకు వచ్చును. వెండ్రుకవాసి తగ్గినను, హెచ్చినను, తంబుర వేరుగ, ఫిర్యాదు చెప్పుచున్నట్లు వినబడును. తారస్థాయి షడ్జమున ఈ పరీక్ష మరింత నిష్కర్షగ జరుగును. అచ్చట కేకకును నిలుకడకును భేదము పాటింపక, పైకి చేరినంతనే చప్పట్లు చరచువారు ఎక్కువ. ఇప్పుడు తంబురకు మారుగ విద్యుచ్ఛక్తితో మ్రోగు శ్రుతిపెట్టె వచ్చినది. దానికి తీగలు సడలవు, వాయించువారికి చేయి నొప్పి లేదు. పాడువారు తమ తప్పును తంబురపై మోపు వీలు మాత్రము దానితో పోయినది.

శ్రుతిని గాత్రమాధుర్యముతో కలిపివేయుట మరియొక పొరపాటు. సెమ్మంగుడి శ్రీనివాస అయ్యరు (1908–2003) గారి శారీరము పుట్టుకతో వచ్చిన ఇంపైన శారీరము కాదు. ఆ సంగతిని దాచిపెట్టవలసిన అవసరము వారికే కలుగలేదు. అయినను వారి ముందు కూర్చున్నవారు ఆరు దశాబ్దములపాటు లేచిపోలేదు. తేనెవంటి గొంతు గలిగి, రాగమునకు పునాది లేనివారిని మనము ఎందరను మరచితిమో లెక్క లేదు.

లయ విషయమున మనవారు చేయు పని తొడమీద తాళము వేయుట. ఆదితాళమునకు ఎనిమిది అక్షరములు: ఒక దెబ్బ, మూడు వ్రేళ్లు, పిదప దెబ్బయు విసురును రెండుమారులు. లెక్కల పుస్తకములతో జీవితము గడపిన మావంటి గుమాస్తాలకు ఇది మిక్కిలి నచ్చిన పని. కాని గాయకుని చేతిని చూచి తాళము వేయువాడు లయను వినుట లేదు, నకలు వ్రాయుచున్నాడు. కన్నులు మూసికొని, విళంబకాలపు కృతిలో, తన చేతిని తానే నడపుకొని చూడవలయును. చరణము చివరకు వచ్చునప్పటికి చేయి పాటకు వెనుకబడినచో, గాయకుడు పరుగెత్తియుండవలయును, లేదా తాను కునికియుండవలయును. నిదానముగ ఎత్తుకొన్న పాటను చివరవరకు ఆ నిదానముననే నిలుపుట ఎంత కష్టమో ఈ పరీక్ష చేసినవానికి తెలియును. సభలో చప్పట్లు మాత్రము వేగమునకే దక్కును. కల్పనస్వరముల లెక్క ముగిసి ముక్తాయింపు సరిగ ఎడుపున పడినపుడు మందిరము మారుమ్రోగును. పడవలసిన చోట పడుట చూచి ఆనందించుట తప్పు కాదు. దినము ముగియునపుడు చిట్టాలో జమయు ఖర్చును సరిపోయినను అట్టి ఆనందమే కలుగును. దానిని రసానుభవమని మాత్రము మా ఆఫీసులో ఎవ్వరును అనలేదు.

ఈ లయరసికులను గూర్చి ఇంకొక మాట. మృదంగ విద్వాంసుడు గంటన్నరసేపు ఇతరుల పాటను మోసి, తన వంతు వచ్చి తని ఆవర్తనము ఆరంభింపగనే, అంతవరకు తొడలు చరచినవారే కాఫీకై లేచిపోవుదురు. చెన్నపట్టణపు డిసెంబరు నెల సంగీతోత్సవములలో ఇది నిత్యము కనబడు దృశ్యము. అచ్చటి సభలలో క్యాంటీనులకు ఉన్న ప్రఖ్యాతి కొన్ని వేళల గాయకులకు కూడ లేదు.

రాగమును గూర్చి చెప్పవలసినది కొంత విస్తారముగ నున్నది. ఆలాపన ఆరంభమైన అరనిమిషమునకే పక్కవాని చెవిలో "కల్యాణి" అని యూది, తన పని ముగిసినదని వెనుకకు వాలువారు కలరు. కల్యాణి 65వ మేళకర్త యనియు, శంకరాభరణము 29వ మేళకర్త యనియు, ఆ రెండింటికిని భేదము మధ్యమమొక్కటే యనియు చెప్పగలుగుట మంచిదే. కాని విద్వాంసుని పని ఆ పేరు చెప్పిన తరువాత గదా ఆరంభమగుచున్నది! తోడి రాగము 8వ మేళకర్త. అందలి గాంధారమును కదలింపక చదునుగ పాడినచో, స్వరస్థానములు సరిగనే యున్నను అది తోడి యనిపించుకొనదు. ఆ కదలికలో, ఆ ఊపులో రాగము ప్రాణము ఉన్నది. టి. ఎన్. రాజరత్నం పిళ్లె (1898–1956) గారు నాదస్వరమున తోడిని గంటలకొలది వాయించుచుండగా గుడివీధిలో నిలిచి విన్నవారిలో మేళకర్తల సంఖ్యలు తెలిసినవారెందరు? వారు పేరు తెలియకయే రాగమును తెలిసికొనిరి. పామరుడు పండితునికంటె మేలని మేము చెప్పబోము. అట్టి మాటలు సభలలో చప్పట్లకు పనికివచ్చును. పేరు తెలిసినవాడు చూడవలసినది వేరొకటి కలదు: పాడువారు ఒకే స్వరముకడకు పదిమారులు తిరిగివచ్చినచో, వచ్చిన ప్రతిమారును త్రోవ క్రొత్తదా, లేక నడచిన త్రోవనే మరల నడచుచున్నారా యన్నది. ఇట్లు వినుట అలవడినచో పది నిమిషముల ఆలాపనలో సరకు ఎంత, నింపుడు ఎంత యని తేటగ తెలియును.

ఇంతవరకు చెవి సంగతి చెప్పితిమి. కాని మనలో పెక్కుమంది కచ్చేరిని కన్నులతో విందురు. ఇది మా చమత్కారము కాదు. 2013లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో చియా-జుంగ్ త్సాయ్ అను పరిశోధకురాలు కొన్ని పరీక్షల ఫలితములను ప్రకటించినది. పాశ్చాత్యుల పియానో పోటీలలో చివరివరకు నిలిచిన ముగ్గురి వాదనమును కొందరికి శబ్దముగ మాత్రమే వినిపించిరి. కొందరికి శబ్దము లేకుండ బొమ్మ మాత్రమే చూపిరి. ఎవరికి బహుమానము వచ్చియుండునని అడుగగా, వినినవారికంటె చూచినవారే ఎక్కువగ సరియైన జవాబు చెప్పిరి. సంగీతమే వృత్తిగా గలవారిని పరీక్షించినను ఫలితము మారలేదట. అనగా బహుమానము నిచ్చిన న్యాయనిర్ణేతలు సయితము తమకు తెలియకయే కంటికి లొంగిరని ఊహింపవలసియున్నది.

ఇది చదివినపుడు మాకు మన సభలే జ్ఞప్తికి వచ్చినవి. పాడువారి పట్టుచీర యంచు, చెవిదుద్దుల మెరుపు, గాలిలో స్వరమును పట్టితెచ్చు చేతులు, ఫిడేలు విద్వాంసుని చిరునవ్వు, మృదంగ విద్వాంసుని "శభాష్": వీనిలో ప్రతిదియు మన చేత తల యూపించును. పక్కవాద్యమువారు తల యూపిరి గనుక బాగుగ నుండవలెనని మనము యూపుదుము. మనము యూపితిమని వెనుక వరుసవారు యూపుదురు. ఆకాశవాణివారు 1952లో జాతీయ సంగీత కార్యక్రమమును ఆరంభించిన దినములలో, రేడియో పెట్టె ముందు కూర్చున్నవానికి ఈ సాయము లేకుండెను. ఆ తరమువారు వినికిడిలో మనకంటె గట్టివారైనచో దానికి కారణము వారి సంస్కారముతోబాటు ఆ కొయ్యపెట్టె కూడ.

ఫలకముమీద వచ్చిన పాటవలన కలిగిన మేలు కీడులు రెండును కలవు. నిమిషమునకు 78 సుళ్లు తిరుగు పాత ఫలకమున ఒక ప్రక్కకు మూడు నిమిషములకు కొంచెము మించి పట్టెడిది కాదు. కృతిని కుదించి, ఆలాపనను ముక్క చేసి ఇచ్చిరి. వినువారు ఆ ముక్కయే కొలత యనుకొనిరి. నేడు చేతిలోని ఫోనులో గంటలకొలది కచ్చేరి దొరకును. అయినను జబ్బు అదియే. ఒక మహావిద్వాంసురాలు ఒకనాడు పాడిన పాటను నూరుమారులు విన్నవాడు, నూటయొకటవమారు మరియొకరి నోట వినుచు, సంగతి మారినచో "తప్పు" అనును. మనోధర్మమే ప్రాణమని చెప్పుకొను సంగీతమున, నిన్నటివలె నేడు పాడలేదని నిందించు శ్రోతలు తయారైరి.

ఇక సాహిత్యమునకు వత్తుము.

1943లో చెన్నపట్టణమున రాజా అణ్ణామలై చెట్టియారు గారి పూనికతో తమిళ ఇసై సంగము వెలసినపుడు తెలుగువారిలో నొచ్చుకొన్నవారు కలరు. తెలుగు కృతులకు కాలము చెల్లెనని వగచినవారును కలరు. కాలము చెల్లలేదు. నేడు నిదానముగ తలపోసినచో, ఆ ఉద్యమపు మూలమున నున్నది శ్రోత తరఫు ప్రశ్న. అర్థము కాని మాటకు మేమెట్లు కరగుదుమని తమిళులు అడిగిరి. న్యాయమైన ప్రశ్న. అర్థమగు మాటకు మీరెంత కరగుచున్నారని మనలను ఎవరైన తిరిగి అడిగినచో, మన జవాబు అంత తేలికగ వచ్చునదిగ మాకు తోచదు.

తమిళలిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే యక్షరము. త, ద లకును, ప, బ లకును అట్లే. అందువలన సంగీత పుస్తకములలో అక్షరముపై 2, 3, 4 అను అంకెలు వేసి భేదమును చూపుట వాడుక. అంకెలు లేని పుస్తకము దొరికినను, అంకెను చూడక చదివినను, "గానము" కాస్త "కానము" అగును. గానమనగా పాట, కానమనగా మాకు కనబడుట లేదని. "బాధ" యు "పాద" మును ఒకే రూపమున అచ్చుపడును. "దయ" కొందరి నోట "తయ" యగును. దేవుని దయ యెట్టిదో మనకు తెలియును గాని ఈ తయ యెట్టిదో ఆయనకే తెలియవలయును.

ఉచ్చారణ పైపై దోషము. దానికంటె లోతైనది పదవిభాగము. తెలుగున కాదనుటయు, లేదనుటయు, ఒల్లననుటయు క్రియకు తుదిని వచ్చును. "విడువను" అను మాటను తీసికొనుడు. పాడువారు "విడు" అని దీర్ఘముగ నిలిచి, ఊపిరి తీసికొని, నాలుగు సంగతులు వేసి, పిదప "వను" అని ముగించిరనుకొనుడు. భక్తుడు "నిన్ను వదలను" అని చెప్పదలచెను. వినువానికి ఆవర్తనపు పొడవునను వినబడినది "వదలుము" అని. ఇది కేవలము గాయకుని తప్పే యనలేము. త్యాగరాజస్వామివారే కొన్ని తావుల తాళపు ఎడుపును బట్టి పదమును విరిచిరని పెద్దలు చర్చింతురు. రచనలోనే యున్న విరుపు వేరు. ఊపిరి చాలకయో, అర్థము తెలియకయో పాడువారు చేయు విరుపు వేరు. మొదటిదానిని మార్చు అధికారము ఎవ్వరికిని లేదు. రెండవదానిని క్షమింపవలసిన పని మనకు లేదు.

నెరవులు వచ్చునప్పటికి ఈ పరీక్ష మరింత కఠినమగును. నెరవులనగా కృతిలోని ఒక పాదమును తీసికొని, మాటలు మారకుండ, తాళము తప్పకుండ, రాగమును మాత్రము పలువిధముల పరచుట. అట్టి పాదము తనంతట తాను అర్థము గలదై యుండవలయును గదా! క్రియ లేని సగము వాక్యమును పట్టుకొని పావుగంట త్రిప్పుట మేము పలుమారులు వింటిమి. "రాముని యొక్క, రాముని యొక్క" అని పావుగంటసేపు చెప్పి, రాముని యొక్క ఏమియో చెప్పకయే స్వరములలోనికి దిగినట్లుండును. మందిరమంతయు చప్పట్లు. మనము కూడ. అచ్చట చేతులు ముడుచుకొని కూర్చుండదగినవారము మనమే, కూర్చుండము. పరాయి ఊరిలో, పదిమందిలో, మర్యాద తప్పుననియో, మనకొక్కరికే ఇట్లు తోచుచున్నదేమో యనియో జంకుదుము.

మాట లేని వాద్యమున సయితము ఈ కొలత పనికివచ్చును. ద్వారం వేంకటస్వామి నాయుడు (1893–1964) గారి ఫిడేలు విన్న పెద్దలు, ఆ కమానులో సాహిత్యము వినబడుచుండెనని చెప్పుకొందురు. మాట ఎచ్చట ముగియునో తెలిసినవాడు కమానును అచ్చటనే మరలించును.

తమిళ విద్వాంసులందరును తెలుగును పాడుచేయుదురని మేము వ్రాసినట్లు ఎవ్వరును తలపరాదు. అర్థమడిగి, పెద్దలవద్ద దిద్దించుకొని, మనలో పలువురికంటె స్వచ్ఛముగ పలుకువారు వారిలో కలరు. తంజావూరు జిల్లాలోని మెలట్టూరున, నరసింహ జయంతి దినములలో, వేంకటరామశాస్త్రి గారు తెలుగున రచించిన భాగవతమేళ నాటకములను నేటికిని ఏటేట ప్రదర్శించుచున్నారు. ఆ నడిరేయి తమిళనాటి పల్లెలో తెలుగు దరువులు వినుచు కూర్చున్నవారికి, భాషాభిమానమును గూర్చి మనము చేయు ఉపన్యాసముల అవసరమేమియు కనబడదు.

మనవారి దోషమును కూడ చెప్పవలయును. తెలుగు శ్రోత చెవిని తీర్చినది సభకంటె నాటకశాల. పద్యము ముగియగనే హార్మోనియముతో పోటీపడి రాగము తీయుట, ఊపిరి ఎంతసేపు నిలిచినదో గడియారము చూచి "వన్స్ మోర్" అని కేకలు వేయుట మన తాతల నాటినుండి వచ్చుచున్న సంబరము. బళ్లారి రాఘవ (1880–1946) గారివంటి నటులు రాగమునకంటె నటనకు విలువ నిచ్చిరి గాని, ఆ కేకలు ఆగలేదు. పిదప ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) గారు వచ్చి పద్యమును మాట మాటకు అర్థము స్ఫురించునట్లు పాడిచూపిరి. విజయనగరపు సంగీత కళాశాలలో శాస్త్రీయముగ నేర్చినవారు గనుక రాగమునకు లోటు చేయలేదు. దీనివలన మేలు జరిగినది; కాని మాట తేటగ వినబడినచో చాలును, తక్కినది ఎట్లున్నను సరే యను సోమరితనము కూడ మనలో పెరిగినది. ఒక "తయ" దొరికినంతనే, ఆ సాయంకాలపు సంగీతమంతటికి చెవులు మూసికొని, ఇంటికి పోయి దానినే వారముదినములు చెప్పుకొని నవ్వువారు మన సంఘములలో కరవు కారు.

మహారాష్ట్రమున నున్న మన సోదరులకు ఈ మాటల గొడవ కొంత వింతగ తోచవచ్చును. వారు వినునది హిందుస్తానీ. ఖయాలులో మాటలు స్వల్పము. ఒక్క పల్లవి పాదముతో ముప్పావుగంట నడచును. మిరజులో స్థిరపడిన అబ్దుల్ కరీం ఖాన్ (1872–1937) సాహెబుగారు కర్ణాటక సంగీతమున కూడ అభిరుచి గలవారై, ఒక త్యాగరాజ కృతిని ఖరహరప్రియలో ఫలకమున కిచ్చిరి. ఆ ఫలకమును వినువాడు తెలుగుకై వినడు. ఆ స్వరశుద్ధి ముందు మేము ఇంతసేపు వ్రాసిన కొలతలలో ఒకటి మూలకు ఒదిగి కూర్చుండును. ప్రతి పాటకును అన్ని కొలతలును సమముగ వర్తింపవని చెప్పుటకే దీనిని ఎత్తితిమి.

అట్లయినచో శ్రుతియు సాహిత్యమును తగవుపడినపుడు ఏది గెలువవలయును? ఈ తగవు మా సంఘముననే, పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధనకు జరుపు బాలల పాటలపోటీలో వచ్చినది. మార్కులు కూడు పని మాది. శ్రుతికి 15, లయకు 10, రాగమునకు 15, ఉచ్చారణకు 10, వెరసి 50. ఒక తెలుగు ఇంటి బాలిక పాడినది. ప్రతి యక్షరము ముత్యము. చరణమున మాత్రము శ్రుతి జారి, తుదివరకు పైకి లేవలేదు. తరువాత పొరుగింటి తమిళ బాలుడు పాడినాడు. గాలి లేని చోట దీపమువలె శ్రుతి నిలిచినది. గానము మాత్రము కానమైనది. ముగ్గురు న్యాయనిర్ణేతల మార్కులు కూడగా బాలునికి రెండు మార్కులు ఎక్కువ వచ్చినవి. పెద్దలు కొందరు లేచిరి. "తెలుగు సంఘములో, తెలుగువాని ఆరాధనలో, తెలుగు తప్పు పలికినవానికి మొదటి బహుమతియా?" అని గట్టిగనే అడిగిరి.

బహుమతి సరిగనే వెళ్లినదని మా అభిప్రాయము. కారణము ఆ సాయంకాలమే కనబడినది. న్యాయనిర్ణేతలలో నొకరైన పెద్దామె ఆ బాలుని పిలిచి, "తంబీ, గానం అంటే పాట, కానం అంటే కనబడలేదు అని. ఏది పాడతావు?" అని నవ్వుచు అడిగినది. బహుమతులు పంచునప్పటికి వాడు ఆ పాదమును దిద్దుకొని మరల పాడినాడు. ఒక కాఫీ త్రాగు కాలము పట్టలేదు. ఆ బాలిక శ్రుతి నిలుచుటకు తంబుర ముందు రెండేండ్లు కూర్చుండవలయును. పిల్లల విషయమున సులభముగ దిద్దదగిన తప్పునకు తక్కువ మార్కులు తీయుట న్యాయము. ఈ న్యాయమే పెద్ద విద్వాంసునికి తలక్రిందుగ వర్తించును. కాఫీ త్రాగు కాలములో దిద్దుకొనదగిన తప్పును ముప్పది యేండ్లు దిద్దుకొనక వేదికమీద మోయువానికి, శ్రుతి ఎంత శుద్ధముగ నున్నను, మనము తలవంచవలసిన పని లేదు. మర్యాదగ, కచ్చేరి ముగిసిన పిమ్మట, ఒక చీటీ వ్రాసి చేతి కీయవచ్చును. సంతోషించినవారిని మేమెరుగుదుము.

ఆ పెద్దామె పిదప బాలికను కూడ దగ్గరకు తీసికొని, నీవు పాడిన చరణమునకు అర్థమేమమ్మా యని అడిగినది. ఆ బిడ్డ సిగ్గుపడక, "అమ్మమ్మకు తెలుసండీ" అని చెప్పినది. ఉచ్చారణకు పదికి పది మార్కులు వచ్చిన బిడ్డ. ఇంటిలో తెలుగు పలుకుచున్నారు గనుక అక్షరము దానంతట అది వచ్చినది. తెలుగు చదువుట లేదు గనుక అర్థము అమ్మమ్మవద్దనే ఆగినది. ఈ విషయమున మన పిల్లలలో పెక్కుమంది పరిస్థితి ఇదియే. రేపు ఆ పిల్లలు సభలో కూర్చున్నపుడు "విడు" అని విరిచినను, సగము వాక్యమును పావుగంట త్రిప్పినను, వారికి తెలియదు. ఆ మూడువందలమందిలో మనము పదిమంది యని ఇంతకుముందు వ్రాసితిమి. ఆ లెక్కను ఇంకొక తరము తరువాత ఎవరు వ్రాయుదురో, ఎంతయని వ్రాయుదురో!

కార్యవర్గమువారు ఒక మార్పు చేసిరి. పాడుటకు ముందు ప్రతి బిడ్డయు పాట అర్థమును తనకు వచ్చిన భాషలో, తెలుగైనను, తమిళమైనను, ఆంగ్లమైనను, నాలుగు వాక్యములలో చెప్పవలయును. ఇంటిలో చెప్పువారు లేనిచో సంఘపు గ్రంథాలయమున ఆదివారము ఉదయము ఇద్దరు పెద్దలు కూర్చుందురు. పొరుగువారి పిల్లలు కూడ వచ్చుచున్నారు; ఇప్పటికి వారే ముందు వచ్చుచున్నారు. దీనికి మార్కులు వేయవలయునా, వేసినచో రాగము పదునైదింటిలోనుండి తీయవలయునా, శ్రుతి పదునైదింటిలోనుండి తీయవలయునా యను విషయమై మొన్నటి సమావేశమున రాత్రి తొమ్మిది దాటువరకు వాదించిరి. శ్రుతినుండి ఒక్క మార్కైనను తీయరాదని మేము పట్టుపట్టితిమి. నిర్ణయము వచ్చే నెలకు వాయిదా పడినది.